ఏ కొలతతో సాయం?

2005 ఆగస్టులో కత్రినా తుపానుకు కరకట్టలు తెగి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం మునిగింది. సెప్టెంబర్ 15న అధ్యక్షుడు జార్జ్ బుష్ అక్కడి నుంచే ప్రసంగిస్తూ నగరాన్ని తిరిగి నిలబెడతామన్నారు. అక్కడి పేదరికానికి వేళ్లు జాతి వివక్షలో ఉన్నాయనీ అంగీకరించారు. మంచి మాటే.

కానీ తర్వాత కేంద్ర నిధులతో రాష్ట్రం నడిపిన ‘రోడ్ హోమ్’ పథకం, ఇంటి పాత ధర, మరమ్మతు ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిపైనే సాయం లెక్కగట్టింది. నల్లజాతివారి పేటల్లో ఇళ్లకు ధర తక్కువ. కలప, కూలి ధరలు మాత్రం అందరికీ ఒక్కటే. అలా పేదవారికే తక్కువ అందింది.

దాతలు గ్రహించవలసింది ఇదే. పూరిల్లు పోయిన కుటుంబానికి నష్టం చిన్నదిగా కనిపిస్తుంది. మళ్లీ గోడ లేపాలంటే ఇటుకకూ మేస్త్రీకీ ఊరంతా ఒకే ధర. పోయినదాని విలువను కాక, తిరిగి నిలబడటానికయ్యే ఖర్చును చూసి సాయం చేద్దాం.