స్కానింగ్‌కు దొరకని గాయం

1991 గల్ఫ్ యుద్ధంలో నేలమీద పోరు 100 గంటల్లో ముగిసింది. అమెరికా పంపిన దాదాపు 7 లక్షల మందిలో ఎందరికో ఇంటికొచ్చాక కూడా కడుపు కుదుటపడలేదు. మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, ఉన్నట్టుండి విరేచనాలు. బస్సెక్కాలన్నా, శుభకార్యానికి వెళ్లాలన్నా భయమే. ఎండోస్కోపీ చేస్తే అంతా బాగానే ఉందంటారు. వికలాంగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే ఆ రిపోర్టే అడ్డు నిలిచేది.

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే ఈ జబ్బు తీరే అంత. పుండు ఉండదు, వాపు ఉండదు. పేగుల కదలిక, మెదడుతో వాటికున్న నరాల సమన్వయం దెబ్బతింటాయి. మోహరింపులో సోకిన అంటు విరేచనాలు తగ్గిపోయినా, కొందరిలో ఈ బాధ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. గల్ఫ్‌లో పనిచేయడానికీ ఇలాంటి జబ్బులకూ సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలున్నాయని 2010లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తేల్చింది. ఐబీఎస్ ఒక్కటే కాదు, ఈ కోవలోని జీర్ణకోశ జబ్బులన్నీ గల్ఫ్ సైనికులకు ఉన్న ఊరట నిబంధన కిందికి వస్తాయని 2011లో వెటరన్స్ అఫైర్స్ శాఖ స్పష్టం చేసింది. అక్కడ పనిచేసినవారికి ఆ జబ్బు దీర్ఘకాలంగా ఉంటే, సర్వీసు వల్లే వచ్చిందని శాఖే భావించాలి. కారణం రుజువు చేయమని సైనికుణ్ని అడగకూడదు.

కాగితం మీద ఇంత ఉదారంగా ఉన్న చట్టం కౌంటర్ దగ్గర బిగుసుకుపోయింది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017 నివేదిక ప్రకారం, 2015 ఆర్థిక సంవత్సరంలో గల్ఫ్ యుద్ధ జబ్బుల క్లెయిమ్‌లలో ఆమోదం పొందినవి 17 శాతం. ఇతర జబ్బులకు అది 57 శాతం. ఈ జబ్బులపై శాఖ తయారుచేసిన గంటన్నర శిక్షణను అప్పటికి పూర్తిచేసిన పరీక్షక వైద్యులు పదిమందిలో ఒక్కరే. నా దృష్టిలో ఇది అక్షరాలా అన్యాయం.

2024 మే 19 నుంచి ఐబీఎస్‌కు వైకల్య శాతం లెక్కించే కొలత మారింది. గత మూడు నెలల్లో నొప్పి ఎన్ని రోజులు వచ్చిందన్నది ఇప్పుడు కీలకం. వారానికి ఒక రోజైనా నొప్పి ఉండి, తోడు లక్షణాలు కూడా ఉంటే 30 శాతం. అంతకుమించి ఇవ్వరు. గుండెమంట, పులితేన్పుల జబ్బుకు మరింత నష్టం జరిగింది. అన్నవాహిక ఇరుకైందా అన్నదే ఇప్పుడు ప్రధానంగా చూస్తారు. రాత్రంతా ఛాతీ మండి నిద్రపట్టని మనిషి ఆ లెక్కలోకి రాడు.

రుజువు భారం సైనికుడి మీద వేయకూడదన్న న్యాయసూత్రాన్నే మన సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో నిలబెట్టింది. చేరేనాటి రికార్డులో లేని జబ్బు సర్వీసులో వస్తే, దానికి సర్వీసు కారణం కాదని రుజువు చేయాల్సింది సైన్యమే.

అమెరికా సైన్యంలో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. నొప్పి వచ్చిన ప్రతి రోజునూ తేదీతో రాసిపెట్టమనండి. సర్వీసులో ఉండగానే డాక్టరు రికార్డులో ఎక్కించుకోమనండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు మళ్లీ అడిగే హక్కుంది, దాన్ని వదులుకోవద్దు.