క్రొత్త పూసలకు పాత రూపు



గత మాసము మన తరగతిలో పాలిమర్ మట్టితో పూసలు చేసితిమి. అవి తాతలనాటి పూసలవలె కనబడవలెనని మన కోరిక. మొదటిసారి మన ప్రయత్నము ఫలింపలేదు. పూసలంతటను గోధుమరంగు పూసితిమి. గరుకు కాగితముతో అన్ని వైపుల రుద్దితిమి. తుదకు అవి పాతవిగా గాక, మురికిపట్టినవిగా కనబడినవి. కారణమేమి?

మరునాడు నేను మా నాయనమ్మ కొయ్యపూసల దండను తరగతికి తెచ్చితిని. ఆమె బగాన్ దాతో ప్రాంతపు కొబ్బరితోటలో పనిచేసిన దినములలో దానిని మెడలో ధరించెడిది. ప్రతి పూసకును నడుమ రెండు గాడులు కలవు. ఒకప్పుడు పూస అంతటికిని ఎర్రని లక్క ఉండెను. ఇప్పుడు ఉబ్బెత్తుగానున్న చోట చీరకు, మెడకు రాసికొని లక్క పోయినది; కొయ్య బయటపడి నునుపెక్కినది. బెజ్జము అంచులు ప్రక్కపూసలతో ఒరసికొని అరిగినవి. గాడుల లోపల మాత్రము ఎరుపు నిలిచియున్నది. దానిపై చెమట, దుమ్ము చేరి నల్లబడినది.

అనగా, కాలము వస్తువును అంతటను ఒకే రీతిగా తాకదు. ఎత్తైన చోట అరుగును. పల్లమైన చోట మురికి నిలుచును. ఈ సంగతి తెలిసినచో పాత రూపు తెచ్చుట సులభము.

పాలిమర్ మట్టి పేరునకు మట్టియే గాని భూమిలో దొరకునది కాదు. నీటి గొట్టములకు వాడు పి.వి.సి. అను ప్లాస్టిక్కు పొడికి, దానిని మెత్తబరచు నూనెవంటి ద్రవమును కలిపి దీనిని చేయుదురు. ఇది గాలికి ఆరదు, వేడిచేసినప్పుడే గట్టిపడును. కావున నిదానముగా పని చేయవచ్చును. పచ్చి ముద్దను కొన్నిరకముల ప్లాస్టిక్కు డబ్బాలలో ఉంచరాదు. అందలి ద్రవము డబ్బాను కరగించును.

ఇక చేయు విధానము.

1. ముద్దను మెత్తబడువరకు చేతులతో పిసుకవలెను. కడ్డీగా దొర్లించి, సమానమైన ముక్కలుగా కోసి, అరచేతుల నడుమ ఉండలు చేయవలెను. లేత రంగు ముద్దలో పాత రూపు చక్కగా కనబడును.

2. పిదప పల్లములు కల్పింపవలెను. పాత టూత్‌బ్రష్‌తో పొడిచినచో సన్నని గుంటలు పడును. నలిపిన అల్యూమినియం రేకును అదిమినచో రాతివంటి గరుకుదనము వచ్చును. కల్లుప్పు రవ్వలను సగము దిగునట్లు అద్దినచో, కాల్చిన తరువాత నీటిలో వేయగా ఉప్పు కరగి గుంటలు మిగులును.

3. బెజ్జమునకు పుల్లను ఒకవైపునుండి మెల్లగా త్రిప్పుచు దింపవలెను. కొన రెండవవైపు కనబడగానే తీసి, ఆ వైపునుండి మరల దింపవలెను. ఒకేసారి పొడిచినచో అంచు చినుగును.

4. కాల్చుట పెద్దల పని. పొట్లముపై ముద్రించిన వేడిమినే పాటింపవలెను. సాధారణముగా అది 110 నుండి 130 డిగ్రీల సెల్సియస్ ఉండును. చిన్న పూసలకు 30 నిమిషములు చాలును. ఓవెన్ మీది అంకె ఎల్లప్పుడును నిజము కాదు గనుక లోపల థర్మామీటరు ఉంచుట మేలు. ముద్ద మాడినచో హానికరమైన పొగ వెలువడును. మైక్రోవేవ్‌లో కాల్చరాదు. ఈ పనికి వాడిన పళ్ళెమును, కత్తిని మరల వంటకు వాడరాదు.

5. పూసలు చల్లారిన పిదప ఉప్పు కరగించి ఆరబెట్టవలెను. ముదురు గోధుమ ఆక్రిలిక్ రంగును కుంచెతో గుంటలలోనికి ఎక్కించి, అది ఆరకముందే తడిగుడ్డతో పైభాగమును తుడువవలెను. పల్లములలో మాత్రమే రంగు నిలుచును.

6. మరునాడు నీటిలో వాడదగిన గరుకు కాగితముతో, మొదట 400 అంకెది, తరువాత 600 అంకెది తీసికొని, ఉబ్బిన చోటను, బెజ్జము అంచునను మాత్రమే రుద్దవలెను. నీటిలో రుద్దినచో దుమ్ము ముక్కులోనికి పోదు.

రెండవసారి మన పూసలు చక్కగా కుదిరినవి. అప్పుడు మీలో ఒకరు, "టీచర్, ఉగాదికి వీటిని బల్లమీద పెట్టి, పాతకాలం పూసలని చెప్పొచ్చా?" అని అడిగితిరి. "వద్దు నాన్నా, మనమే చేశామని చెప్దాం" అంటిని. పాత రూపు తెచ్చుట తప్పు కాదు. పాతదని చెప్పుట అబద్ధము. మన పూసల అరుగుదల ఒక మధ్యాహ్నపు పని. నాయనమ్మ దండ అరుగుటకు ఆమె తోటలో గడిపిన ఏండ్లన్నియు పట్టినవి.

ఆ దండ ఆమెకు ఎవరిచ్చిరో నేను ఏనాడును అడుగలేదు. ఇప్పుడు అడుగుటకు ఆమె లేదు. కనుక మీకు ఒక పని చెప్పుచున్నాను. వచ్చే వారము ఇంటినుండి ఒక పాత వస్తువును తెండు. గరిటె కావచ్చును, కత్తిపీట కావచ్చును. అది ఎచట అరిగినదో మొదట చూడుడు. అచటనే ఎందుకు అరిగినదో ఇంటిలోని పెద్దలను అడిగి, వారు చెప్పినది తెలుగులో వ్రాసికొని రండు. ఆ తరువాతనే మరల ముద్ద పిసుకుదము.