సముద్రపు టుప్పు - మన సీమ వాన

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు సముద్రపు సంగతు లేలయని కొందఱు తలపవచ్చును. అక్టోబరు మొదలు డిశెంబరు వఱకు బంగాళాఖాతమున బుట్టు వాయుగుండములు తెచ్చు వానలతోనే ఈ సీమలో ననేకములగు చెఱువులు నిండుచున్నవి. 2021 నవంబరులో నట్టి వానలే తిరుపతి వీథులను ముంచి, స్వర్ణముఖికి వఱద తెచ్చినవి. మన బ్రతుకును, మన భయమును గూడ ఆ సముద్రము పైననే యాధారపడియున్నవి.

సముద్రజలమున సామాన్యముగా వేయి పాళ్లకు సుమారు 35 పాళ్లు లవణ ముండును. బంగాళాఖాతపు టుత్తర భాగమున వానకాలపు చివర నది 30 పాళ్లకు దిగువకు బడిపోవును. గంగా బ్రహ్మపుత్రల వఱదయు, సముద్రముపై గురియు వానయు నిందులకు గారణములు. పిమ్మట తీరము వెంట దక్షిణముగా సాగు ప్రవాహము ఈ చప్పనినీటిని మన తీరమునకు గొనివచ్చును. వేసవి నాటికి బ్రవాహము దిశ మాఱి, ఉప్పదనము మరల హెచ్చును. ఉప్పు తక్కువైన నీరు తేలికయై పైననే నిలుచును. క్రిందనున్న చల్లని నీటిని సులభముగా బైకి రానీయదు. అందుచే వేడిమి పైపొరను విడువక, తుపానునకు బలము చేకూరుట కవకాశము కలుగుచున్నది.

ఓడలును, నీట దేలు యంత్రములును అచ్చటచ్చట మాత్రమే లవణమును గొలువగలవు. సముద్రమంతయు జూచుటకు 2009లో ఐరోపావారు ‘స్మాస్’ను, 2011లో అమెరికా, అర్జెంటీనా దేశములవారు ‘అక్వేరియస్’ను, 2015లో అమెరికావారు ‘స్మాప్’ను ఆకాశమున కంపిరి. సముద్రము తనంతట వెలువరించు సూక్ష్మతరంగములలో సుమారు 21 సెంటీమీటర్ల పొడవు గలవానిని ఇవి పట్టును. ఉప్పు హెచ్చినకొలది నా తరంగముల బలము కొంచెము తగ్గును. నీటి వెచ్చదనమును, గాలి రేపు నలలను లెక్కించి తీసివేయగా లవణత తెలియును. అయినను వీని చూపు సుమారు 40 కిలోమీటర్లు, లేక అంతకు మించిన మేరను ఒక్కటిగానే చూచును; తీరము దాపున భూమి వెలువరించు తరంగములు చూపును జెఱచును. కావున నీట దేలు యంత్రము లింకను గావలసినవే.

శ్రీహరికోట 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. అచ్చటినుండి 2009లో ఓషన్‌శాట్-2, 2022లో ఓషన్‌శాట్-3 వెడలినవి. అవి సముద్రపు రంగును, గాలులను జూచుటకు నిర్మింపబడినవి. ఉప్పును గొలుచుటకు గాదు. అక్వేరియస్ 2015లోనే మూగవోయెను. తక్కిన రెండును మూడేండ్ల పనికై నిర్మింపబడి, పదేండ్లకు మించి పనిచేసినవి. పరుల కన్నులు మూతపడిన నాడు మన తుపానుల లెక్క యెట్లు సాగును?

లవణతను గొలుచు స్వదేశీయోపగ్రహ మొకటి నిర్మింపబడవలయునని మేము కోరుచున్నాము. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము వారు సముద్రపు వార్తలను, గాదంకి వాతావరణ పరిశోధనశాల వారు ఆకాశపు వార్తలను సేకరించుచునే యున్నారు. ఆ కొలతలకు లవణపు గొలతయు దోడై, దాని ఫలితము తెలుగు మాటలలో చెఱువుక్రింది రైతునకు సకాలమున జేరవలయును. నింగికి యంత్రములను బంపు నేల, తన వానకు మూలమైన సముద్రమును దాను చూడలేకుండుట తగదు.