కందిలి, కొవ్వొత్తి, చంద్రుడు

కొంతకాలము క్రిందట ఒక గ్రామీణ ప్రసంగములో వక్త తన బాల్యమును స్మరించుచు, కందిలి వెలుతురున చదువుకొన్న రోజులను ముచ్చటించినారు. వారము తిరుగక ముందే ఒక శ్రోత నుండి ఉత్తరము వచ్చినది. ‘లాంతరు’ అను చక్కని తెలుగు మాట ఉండగా ఈ అన్యదేశ్యమెందుకని వారి ప్రశ్న. ఉత్తరము మర్యాదగానే ఉన్నది. కాని ఓరుగల్లు ప్రాంతమున పుట్టి, సంజవేళ కందిలి గాజును బూడిదతో తుడిచి, గ్యాసునూనె పోసి, దూలమునకు వ్రేలాడదీసిన చేతులు గలవానికి ఆ ప్రశ్న కొంచెము గుచ్చుకొన్నది.

మొదట లాంతరు సంగతి. ఇది తెలుగు మాట కాదు. ఐరోపా వారితో మనకు వచ్చినది. దానికి మూలము లాటిను భాషలోని ‘లాంటెర్నా’, దానికిని మూలము గ్రీకు. మన ‘లాంపు’ కూడ ఆ యింటిదే. కనుక కందిలిని వెలివేసి లాంతరును లోనికి పిలుచుట న్యాయము కాదు.

ఇక కందిలి. ఇంగ్లీషువారు కొవ్వొత్తిని ‘కాండిల్’ అందురు. ఆ మాట లాటిను ‘కాండేలా’ నుండి పుట్టినది. క్రైస్తవ మతముతోబాటు, ఆలయ దీపములతోబాటు, అది వెయ్యేండ్లకు పూర్వమే ఇంగ్లండు చేరినది. అదే కాండేలా తూర్పు దిక్కునకును ప్రయాణము కట్టినది. గ్రీకుల నోట పడి, అరబ్బీలో ‘కిందీల్’ అయి, పారసీకములో ‘కందీల్’ అయి, ఉర్దూ ద్వారమున దక్కను చేరి, తెలంగాణమున కందిలిగా స్థిరపడినది. కన్నడ, మరాఠీ సీమలలోను దీనిని ఎరుగుదురు. అనగా దొర బల్లమీది కాండిలును, మన పల్లెటూరి కందిలియు ఒక తల్లి బిడ్డలే. ఒకటి పడమటి త్రోవను, మరియొకటి తూర్పు త్రోవను పోయినవి, అంతే.

కాండేలాకు మూలమైన లాటిను ధాతువునకు తెల్లగా వెలుగుట, తళతళలాడుట అని అర్థము. భాషాశాస్త్రజ్ఞులు దీనిని సంస్కృత ‘చంద్ర’ శబ్దమునకు జ్ఞాతిగా లెక్కింతురు. ఋగ్వేదమున ‘శ్చంద్ర’ అను రూపము కలదు. మెరయునది అని దాని అర్థము. తరువాతి కాలమున ముందున్న శకారము రాలిపోయి చంద్ర మిగిలినది. కాని ఒక పేరులో ఆ శకారము నేటికిని చెక్కుచెదరక ఉన్నది. అది మన నాటకములలో రాత్రి తెల్లవార్లు పద్యములు పాడిన హరిశ్చంద్రుని పేరు. హరి, చంద్ర అను రెండు మాటలు కలిసిన నడుమ ఆ శకారమెక్కడిదని పాణినికిని సందేహము కలిగినది కాబోలు, దానికై ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసినాడు. అది ఆగమముగా వచ్చి చేరినదని ఆయన మతము. అది క్రొత్తగా వచ్చినది కాదు, పోకుండ నిలిచినది అని నేటి శాస్త్రజ్ఞుల మతము. నాకు రెండవదియే సమంజసముగా తోచుచున్నది.

ఇంగ్లీషులో ఈ కుటుంబము పెద్దది. ‘కాండిడేట్’ అనగా ఎన్నికలలో నిలుచు అభ్యర్థి. ప్రాచీన రోములో పదవి కోరువారు సుద్దతో తెలుపు చేసిన వస్త్రమును ధరించి ప్రజల యెదుటికి వచ్చెడివారు. తెల్లని ఖద్దరు తొడిగి ఓట్లడుగు మనవారికి ఈ సంగతి తెలియకపోవచ్చును గాని ఆచారమును మాత్రము చక్కగా పాటించుచున్నారు. ఐతే ధ్వని కలిసినంత మాత్రమున చుట్టరికము కలుపరాదు. నిప్పు రాజేయుటకు వాడు ‘కిండిల్’ వేరు, అది ఉత్తర ఐరోపా మాట. తీపి ‘కాండీ’ అంతకంటె వేరు. అది మన ఖండ శబ్దమే, కలకండలోని కండయే, పారసీక అరబ్బీల మీదుగా పడమటికి పోయినది. కందిలి వచ్చిన బాటననే కండ పోయినదన్నమాట.

1860 నాటి ఇంగ్లండు చట్టమొకటి, గంటకు 120 గ్రెయినులు కాలునట్టి తిమింగలపు మైనపు వత్తిని వెలుగునకు కొలతగా పెట్టినది. 1948లో అంతర్జాతీయముగా కొలమానమును నిర్ణయించినప్పుడు దానికి ‘కాండెలా’ అని ప్రాత లాటిను పేరే పెట్టినారు. బల్బు పెట్టెమీద కనిపించు ల్యూమెనుకు ఆధారము ఇదియే. అన్ని దిక్కులకు సమముగా ఒక కాండెలా వెలుగునిచ్చు దీపము సుమారు 12.57 ల్యూమెనులు వెదజల్లును. 800 ల్యూమెనుల బల్బు వెలిగించినచో ఇంచుమించు అరువదినాలుగు కొవ్వొత్తులు ఒక్కమారు వెలిగించినట్లు.

కొవ్వొత్తి మాత్రము మనవారు కూర్చుకొన్న సమాసము. కొవ్వు అచ్చ తెలుగు, పూర్వరూపము క్రొవ్వు. వత్తి సంస్కృత ‘వర్తి’కి వికృతి. ఒకనాడు జంతువుల కొవ్వుతో చేసెడివారు కనుక ఆ పేరు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ పారఫిను వచ్చిన పిదప కొవ్వు పోయినది, పేరు నిలిచినది. హనుమకొండ ఇండ్లలో కరెంటు పోయినప్పుడు పెద్దలు ‘మోంబత్తి తే’ అందురు. మోమ్ అనగా పారసీకమున మైనము, బత్తి అదే వర్తి. బడికి పోవు పిల్లవాడు వాచకములో చదివినట్లు అది కొవ్వొత్తి అని వారిని దిద్దబోవును. వస్తువును బట్టి చూచినచో ముసలమ్మ మాటయే సత్యమునకు దగ్గర.

ఉత్తరము వ్రాసిన శ్రోతకు ఇంత వివరముగా కాకున్నను ప్రత్యుత్తరము పంపితిమి. ప్రసంగమును మరల ప్రసారము చేసినప్పుడు కందిలిని అట్లే ఉంచినాము.