సంతకం ఆమెది, మాట ఎవరిది?

మా గుండుగొలనులో రచ్చబండ రాజకీయాలకు కొదవ లేదు. ఆడవాళ్ళ గొంతు మాత్రం అక్కడ వినపడేది తక్కువ. తప్పు చట్టానిది కాదు. మన ప్రాంతం కలిసి ఉన్న నాటి మద్రాసు రాజధానిలో 1921 లోనే, ఆస్తి ఉన్నవారికే అయినా, స్త్రీలకు ఓటు వచ్చింది. రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయమ్మగారు 1946 లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. 1993 లో అమలులోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలలో మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. మన రాష్ట్రం దాన్ని సగం చేసి 2013 లో ఎన్నికలు జరిపింది.

ఇంత జరిగినా, సంతకం సర్పంచిగారిది, సభలో మాట భర్తగారిది! "సర్పంచి పతి" అనే పదవి ఏ చట్టంలోనూ లేదు. దాని దర్జా మాత్రం మీరూ చూసే ఉంటారు.

కొల్లేటి లంకల్లో మంచినీళ్ళ బాధ ఎవరికి తెలియదు? బిందె మోసేది ఆడది. ఏ నీరు వంటకు పనికిరాదో ఆమెకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఆ తెలివి తీర్మానంలోకి ఎక్కాలంటే ఆమే నోరు విప్పాలి.

2023 లో చట్టసభలలోనూ మూడోవంతు స్థానాలకు సవరణ వచ్చింది. దాన్ని జనాభా లెక్కలకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. మన చేతిలో పని దానికోసం ఆగనక్కరలేదు. గ్రామసభనాడు పొయ్యి దగ్గర మగవారు కూర్చుని, ఆడవారిని సభకు పంపితే చాలు. కుర్చీ చట్టం ఇచ్చింది. తీరిక ఇవ్వవలసింది ఇల్లు.