ముల్లును పట్టి ఆపే కెమెరా

2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరా వచ్చాక, జేబులో పట్టే పాత కెమెరాల గురించి మళ్లీ మాటలు మొదలయ్యాయి. పెంటాక్స్‌కు బ్యాటరీ తప్పనిసరి. 1960ల చివర్లో జపాన్‌లో మొదలై 1984 దాకా తయారైన ఒలింపస్ ట్రిప్ 35లో బ్యాటరీ గదే లేదు. 40 మి.మీ. లెన్సు, 1/40, 1/200 సెకను అనే రెండే షట్టర్ వేగాలు. అయినా వెలుతురు ఎంతుందో అదే చూసుకుంటుంది, అపర్చర్ అదే సరిచేసుకుంటుంది. చిన్న కెమెరాల చరిత్రలో ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదని నా అభిప్రాయం.

లెన్సు చుట్టూ తేనెపట్టు గదుల్లా కనిపించే ప్లాస్టిక్ వలయం వెనక సెలీనియం పొర ఉంటుంది. దాని మీద వెలుతురు పడితే కరెంటు పుడుతుందని 1876లోనే లండన్‌లో ఆడమ్స్, డే అనే ఇద్దరు గమనించారు. ఆ కరెంటే అపర్చర్ రేకుల్ని కదిలిస్తుందని చాలామంది రాసేస్తుంటారు. అది పొరపాటు. మైక్రోయాంపియర్లలో ఉండే ఆ కరెంటుకు మీటరు ముల్లును కాస్త పక్కకు జరిపే సత్తువ తప్ప మరేమీ లేదు. బలమంతా మన వేలిది. బటన్ నొక్కడం మొదలుపెట్టగానే ఒక పట్టీ లేచి ముల్లును ఉన్నచోటే బిగిస్తుంది. ఆ వెంటే మెట్లు మెట్లుగా కోసిన మరో మీట కదిలి, ఏదో ఒక మెట్టు దగ్గర ముల్లుకు తగిలి ఆగిపోతుంది. ఎంత దూరం కదిలి ఆగిందో దాన్నిబట్టి రేకులు తెరుచుకుంటాయి. వెలుతురు చాలకపోతే మీటకు దారిలో ముల్లు అడ్డు తగలదు. అప్పుడు వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేస్తుంది, షట్టర్ పడదు, ఫిల్ము వృథా కాదు. ముల్లును బిగించే ఈ ఉపాయాన్ని 1938లోనే కొడాక్ తన సూపర్ సిక్స్-20లో వాడింది కానీ, దాని ఖరీదు సామాన్యుడికి అందలేదు. ట్రిప్ దాన్ని జనం చేతికిచ్చింది.

సెలీనియం కొన్నేళ్లకు అయిపోతుంది కదా అని అడిగేవారున్నారు. అయిపోవడానికి అది ఇంధనం కాదు. దాన్ని ఎక్కువగా చెరిపేది తేమ, తుప్పు పట్టిన అతుకులు. పొడిగా దాచిన మీటర్లు యాభై ఏళ్లు దాటినా పనిచేస్తున్నాయి. బ్యాటరీతో నడిచే మీటర్ల సంగతీ చూడాలి. 1966 నాటి రోలై 35 మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారైంది. పాదరసం విషమని ఆ బ్యాటరీల తయారీ ఆపేశారు, 1.5 వోల్టులది వేస్తే మీటరు లెక్క తప్పుతుంది. రెండు వేగాలు ఏం సరిపోతాయన్నది మరో అభ్యంతరం. కలర్ నెగెటివ్ ఫిల్ము కాస్త ఎక్కువ వెలుతురును తేలిగ్గానే తట్టుకుంటుంది కాబట్టి, పగటి ఫొటోలకు అవి చాలు.

కొనదలచుకున్నవారు ముందుగా రీలు చక్రం తిప్పి, లెన్సు మీది అపర్చర్ వలయాన్ని ‘ఎ’ (ఆటో) మీద పెట్టి, లెన్సును అరచేత్తో పూర్తిగా మూసి బటన్ నొక్కండి. ఎర్ర జెండా లేవాలి. తర్వాత ఎండలోకి తిప్పి నొక్కితే షట్టర్ పడాలి. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా డబ్బు ఇవ్వకండి.