కూలివాడి బిడ్డ కాలికి విలువ ఎంత?

తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని లారీ గుద్దింది. కాలికి శాశ్వత వైకల్యం మిగిలింది. ఒంటి మొత్తం మీద అది 30 శాతమని వైద్యులు తేల్చారు అనుకుందాం. ఈ ఒక్క గాయానికి మన దేశంలో మూడు లెక్కలు నడిచాయి. మొదటిదాని ప్రకారం పిల్లవాడి భావి సంపాదనకు జరిగిన నష్టం 67,500 రూపాయలు. రెండోదాని ప్రకారం వైద్యం, తోడు మనిషి ఖర్చులు కాక మిగతా అన్నిటికీ కలిపి 3 లక్షలు. మూడో లెక్కలో సంపాదన నష్టం ఒక్కటే దాదాపు 10 లక్షల 89 వేలు.

కొత్తగూడెం, సారపాక, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ దాకా సాగే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన బతికే కుటుంబాలకు ఈ తేడా తెలిసి తీరాలి. బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు, పేపరు మిల్లుకు కర్ర తోలే లారీలు తిరిగే దారుల్లోనే ఇక్కడి పిల్లలు బడికి నడుస్తారు. మిరప కోతల కాలంలో అమ్మానాన్నలతో పాటు ట్రాలీ ఆటో ఎక్కుతారు. దెబ్బ తగిలాక ఊరి పెద్దల సమక్షంలో కొన్ని వేలకు రాజీ పడిన తల్లిదండ్రులకు, తాము ఎంత వదులుకున్నామో చెప్పేవాళ్లు ఉండరు.

మొదటి లెక్క 1994లో మోటారు వాహనాల చట్టంలో చేరిన రెండో షెడ్యూలుది. సంపాదన లేని మనిషికి ఏడాదికి 15,000 రూపాయల ఆదాయం ఉన్నట్టు ఊహించుకోమని అది చెప్పింది. పదిహేనేళ్ల లోపు వారికి ఆ మొత్తాన్ని 15తో హెచ్చించాలి. వచ్చేది 2,25,000. అందులో 30 శాతం 67,500. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆ 15,000 అంకె 2018 మే వరకు అలాగే ఉండిపోయింది.

రెండోది 2013 ఆగస్టులో సుప్రీంకోర్టు వేసిన పట్టిక. శాశ్వత వైకల్యం 10 శాతం వరకు ఉంటే లక్ష, 30 వరకు 3 లక్షలు, 60 వరకు 4 లక్షలు, 90 వరకు 5 లక్షలు, ఆపైన 6 లక్షలు. వైద్యానికీ, తోడు మనిషికీ నిజంగా అయిన ఖర్చులు దీనికి అదనం. అప్పటికది పెద్ద ఊరటే. కానీ 90 శాతం దాటిన వైకల్యంతో అరవై ఏళ్లు బతకాల్సిన బిడ్డకు 6 లక్షలు ఏ మూలకు వస్తాయి?

ఆ ప్రశ్నకు బదులు 2020 ఫిబ్రవరి 5న వచ్చింది. హర్యానాలో 2007లో ట్రాక్టరు మీద తల్లిదండ్రులతో వెళుతున్న 12 ఏళ్ల బాలికను లారీ ఢీకొంది. మెదడు దెబ్బతిని, వైకల్యం నూరు శాతం అయింది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ 11,08,501 రూపాయలు ఇచ్చింది. హైకోర్టు 25,78,501కి పెంచింది. సుప్రీంకోర్టు 62,27,000 చేసింది.

ఆ తీర్పులో లెక్క కట్టిన తీరు చూడాలి. ఈ పిల్ల పెద్దయ్యాక ఏమయ్యేదో ఎవరికీ తెలియదు గనుక, నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనమైనా సంపాదించేదని కోర్టు అనుకుంది. హర్యానాలో అప్పట్లో అది నెలకు 4,846 రూపాయలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయానికి 40 శాతం కలిపి, 12 నెలలతోనూ, వయసును బట్టి వేసే గుణకం 18తోనూ హెచ్చిస్తే 14,66,000 వచ్చింది. అంతకంటే పెద్ద అంకె తోడు మనుషులది. ఇద్దరికీ కలిపి నెలకు 10,000 లెక్కన అదే గుణకంతో 21,60,000. నొప్పికీ, కోల్పోయిన జీవితానందానికీ 15 లక్షలు, భావి వైద్యానికి 5 లక్షలు, పెళ్లి అవకాశాలు పోయినందుకు 3 లక్షలు కలిపారు.

తోడు మనుషుల అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. మన వైపు ఆ తోడు మనిషి దాదాపు ఎప్పుడూ తల్లే. మిరప ఏరడానికీ, వేసవిలో తునికాకు కోయడానికీ వెళ్లాల్సిన మనిషి మంచం పక్కన ఉండిపోతుంది. ఆమె కూలి పోవడం ఎవరికీ నష్టంగా కనిపించదు. క్లెయిములో ఆ పద్దు రాయకపోతే ఆమె చాకిరీ లెక్కలోకే రాదు.

2025 సెప్టెంబరులో ఇదే దారి మరింత గట్టిపడింది. 2012లో ఎనిమిదేళ్ల వయసులో ప్రమాదానికి గురైన బాలుడికి హైకోర్టు ఇచ్చిన 8.65 లక్షలను సుప్రీంకోర్టు 35.90 లక్షలకు పెంచింది. పిల్లల విషయంలో ప్రమాదం జరిగిన రాష్ట్రంలో నైపుణ్య కార్మికుడి కనీస వేతనాన్నే ఆధారం చేసుకోవాలంది. బాధితులు ఆ వేతనాల పట్టిక చూపలేకపోతే బీమా కంపెనీయే ట్రిబ్యునల్ ముందు పెట్టాలని కూడా చెప్పింది.

ఇప్పుడు మన తొమ్మిదేళ్ల పిల్లవాడి దగ్గరికి వద్దాం. ప్రమాదం నాటికి ఆ వేతనం నెలకు 12,000 అనుకుందాం. 40 శాతం కలిపితే 16,800. ఏడాదికి 2,01,600. గుణకం 18తో 36,28,800. సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందనుకుంటే 10,88,640. వైద్యం, తోడు, నొప్పి పద్దులు దీనిపైన. ఆ పిల్లవాడి తండ్రి పోడు చేసుకుంటాడా, కూలికి వెళతాడా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. కూలివాడి బిడ్డ కూలివాడే అవుతాడని ముందే రాసిపెట్టకపోవడమే ఈ పద్ధతిలోని న్యాయం.

వైకల్య శాతం విషయంలో ఒక మెలిక ఉంది. వైద్యులు కాలికి 50 శాతం అని రాస్తే అది ఒంటి మొత్తానికి 50 కాదు. సంపాదించే శక్తికి జరిగిన నష్టం అంతకు తక్కువా కావచ్చు, ఎక్కువా కావచ్చు. దాన్ని విడిగా తేల్చాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో పాటు, వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యం కూడా అవసరపడుతుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు సరిహద్దు. 2014 తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. దుమ్ముగూడెం, చర్ల నుంచి భద్రాచలం వచ్చేవాళ్లు మధ్యలో ఆంధ్రా గ్రామాలు దాటాలి. లారీ నంబరు ఛత్తీస్‌గఢ్‌ది కావచ్చు. "ఇది మా పరిధి కాదు" అనే మాటకు భయపడక్కర్లేదు. పరిధి ఏదైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెబుతోంది. ట్రిబ్యునల్‌లో పరిహారం కోరే ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేయడానికైతే ప్రమాదం జరిగిన చోటు, బాధితులు ఉండే చోటు, వాహన యజమాని ఉండే చోటు, మూడూ చెల్లుతాయి. చర్ల పిల్లవాడికి యటపాకలో దెబ్బ తగిలినా తల్లిదండ్రులు కొత్తగూడెంలోనే కేసు వేసుకోవచ్చు.

ఎవరు చెల్లిస్తారన్నది వాహనాన్ని బట్టి మారుతుంది. ఆర్టీసీ బస్సయితే సంస్థే. లారీ గుద్దితే దాని బీమా కంపెనీ. సరుకు తోలే ట్రాలీలో కూర్చున్న పిల్లవాడికి ఆ ట్రాలీ డ్రైవరు తప్పు వల్లే దెబ్బ తగిలితే మాత్రం కష్టం. సరుకు బండి పాలసీ ఊరికే ఎక్కించుకున్న మనుషులకు వర్తించదు. కొన్ని కేసుల్లో కోర్టులు, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించాయి. అన్ని కేసుల్లో అలా జరగదు.

2.5 లక్షల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి, తప్పు ఎవరిదని చూడకుండా తీవ్ర గాయానికి ఈ మొత్తం ఇచ్చే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 అమల్లో ఉంది. డబ్బు త్వరగా వస్తుందని సంతకం పెట్టి దాన్ని పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పెద్ద క్లెయిము రద్దయిపోతుంది. మన ఉదాహరణలో ఆ సంతకం ఖరీదు 8 లక్షలకు పైమాటే. గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి వచ్చేది 50,000. పెద్ద ప్రమాదాల తర్వాత ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి గాయపడినవారికి ప్రకటించే 50,000 వేరు. అది సాయం మాత్రమే, అది తీసుకున్నా కేసు వేసే హక్కు పోదు.

మొదటి వారం ఖర్చుకు 2025 మే నుంచి నగదు రహిత వైద్యం పథకం ఉంది. గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదిక ఇవ్వాలి, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఓపీ ఆరు నెలల్లోపు వేయాలన్నది చట్టం. ఆ గడువు మీద సవాలు సుప్రీంకోర్టులో ఉంది, ఆలస్యం అయిందన్న ఒక్క కారణంతో కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం వచ్చింది. అయినా ఆరు నెలలు దాటనివ్వకపోవడమే మంచిది.

వకీలు ఫీజుకు వెనకాడేవాళ్లు ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. పిల్లలకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో కేసు తేల్చుకోమంటే, ఒప్పుకోకముందే కనీస వేతనం లెక్కతో ఎంత రావాలో వకీలు చేత కాగితం మీద వేయించుకోండి. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. వచ్చిన డబ్బును మామూలుగా బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు. వడ్డీ తీసుకోవడానికి, మధ్యలో వైద్యానికి కొంత విడిపించడానికి తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.